ఒక్క అడ్డగీతలో ఇంత ఉందా? చైనా కుంచెరాతకు కొత్తవారి కోసం

చైనా భాషలో ‘ఒకటి’ అని రాయాలంటే ఒక అడ్డగీత చాలు. పెన్సిలు పట్టిన పిల్లవాడు క్షణంలో గీసేస్తాడు. అదే గీతను కుంచెతో రాయబోతే సంగతి వేరు. నేను మొదటిరోజు రాసిన ‘ఒకటి’ ఎడమ చివర బొట్టులా ఉబ్బి, మధ్యలో సన్నబడి, కుడి చివరకు వచ్చేసరికి తడిసిన దూదిలా విచ్చుకుపోయింది. పక్కన ఉన్న నమూనాను చూసి, అంచుల వెంట ఇంకాస్త సిరా పూసి సరిచేయబోయాను. ఇంకా పాడైంది.

చాలామంది ఇక్కడే ఈ విద్యను వదిలేస్తారు. చెయ్యి తిరగడం లేదనో, భాష రాకపోవడం వల్ల కుదరలేదనో సరిపెట్టుకుంటారు. అసలు చిక్కు మరోచోట ఉంది. నమూనాలో కంటికి కనిపించేది అక్షరం ఆకారం. నేర్చుకోవలసింది, ఆ ఆకారం మిగిలేలా కుంచె నడిచిన తీరు. ఆకారాన్ని బొమ్మలా గీయబోయినవారికి ఎన్నేళ్లయినా అది లొంగదు.

మనకు ఈ తేడా వెంటనే అందకపోవడానికి మన రాత చరిత్ర కూడా కొంత కారణమేమో. తాటాకు మీద గంటంతో రాసేటప్పుడు ముందు గీత పడుతుంది, నలుపు తర్వాత వస్తుంది. ఆకును గీరి, పైన మసి పూసి తుడిస్తే అక్షరం తేలుతుంది. గీత మందం దాదాపు అంతటా ఒకటే. మంచి దస్తూరి అంటే మనకు గుండ్రదనం, పొందిక, ముత్యాల వరుస. కుంచెరాతలో సిరా, ఒత్తిడి, వేగం మూడూ ఒకేసారి కాగితం మీదికి దిగుతాయి. ఎక్కడ నొక్కారో, ఎక్కడ తటపటాయించారో, ఎక్కడ తొందరపడ్డారో అన్నీ అక్కడే ఉండిపోతాయి. చెరపడానికి లేదు, మళ్లీ దిద్దడానికి లేదు.

ఈ కళను చైనాలో ‘షూఫా’ అంటారు: ‘షూ’ అంటే రాత, ‘ఫా’ అంటే పద్ధతి. జపాన్‌వారు ‘షొదొ’ అని దాన్ని మార్గం చేశారు, కొరియావారు ‘సొయె’ అని కళ చేశారు. కొత్తగా నేర్చుకునేవారికి మాత్రం చైనావారి పేరే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. ముందు పద్ధతి పట్టుబడాలి, మార్గమూ కళా ఆ తర్వాతి మాట.

కుంచె మొన ఎటు పోతోంది?

రాత కుంచెలో వెంట్రుకల కట్ట మొదట్లో లావుగా ఉండి చివర సూదిలా మొన తేలుతుంది. తేలిగ్గా తాకిస్తే దారమంత గీత, నొక్కితే వేలంత గీత. మొత్తం విద్య ఈ రెండు పనుల మీదే నిలబడింది: నొక్కడం, ఎత్తడం.

కుంచెను నిటారుగా పట్టుకుని, కాస్త నొక్కి కుడివైపు నడిపామనుకోండి. వెంట్రుకలు వంగి, మొన ఎడమవైపు వాలి, వెనకాలే ఈడ్చుకుంటూ వస్తుంది. ఆ మొన గీతకు నడిమధ్యగా సాగితే సిరా రెండువైపులా సమానంగా దిగి అంచులు నున్నగా వస్తాయి. దీన్ని ‘జోంగ్‌ఫెంగ్’, అంటే నడిమొన, అంటారు. మొన పై అంచుకు జారిపోతే ఆ అంచు కత్తిలా పదునుగానూ, కింది అంచు రంపపు పళ్లలానూ వస్తుంది. అది పక్కమొన. చెయ్యి తిరిగినవారు దాన్నీ కావాలనే వాడతారు. మనకు తెలియకుండా జరిగినప్పుడే అది తప్పు.

ఇప్పుడు అడ్డగీత ముగిసి, అక్కడినుంచి నిలువుగీతగా మలుపు తిరగాలి. మొన ఇంకా ఎడమకే వాలి ఉంది. అలాగే కిందికి లాగితే మొన పక్కన పడిపోయి, కుంచె పొట్టతో పులిమినట్టవుతుంది. అందుకే మలుపు దగ్గర కుంచెను కాస్త ఎత్తి, మొనను మళ్లీ నిలబెట్టుకుని, కొత్త దిక్కుకు నొక్కి సాగుతారు. నమూనా పుస్తకాల్లో మలుపుల వద్ద భుజంలా కనిపించే ఆ గుబ్బ అలా పుట్టిందే, మొనను సర్దుకున్న గుర్తు. ఈ ఒక్క విషయం బుర్రకెక్కితే నమూనా చూసే చూపే మారిపోతుంది. ప్రతి గుబ్బా, ప్రతి సన్నదనమూ ‘ఇక్కడ ఏం చేశారు?’ అనే ప్రశ్నగా కనిపిస్తాయి.

మళ్లీ ‘ఒకటి’ దగ్గరికి వద్దాం. ‘కుడికి పోవాలంటే ముందు ఎడమకు, కిందికి పోవాలంటే ముందు పైకి’ అని పాత సూత్రం. మొనను కొద్దిగా ఎడమకు నెట్టి, కిందికి నొక్కి, కాస్త ఎత్తి, మొనను మధ్యకు తెచ్చుకుని కుడికి నడవాలి. నడుమ కొంచెం తేలికపడాలి. చివర ఆగి, కుంచెను కొద్దిగా లేపి, కుడి కిందికి నొక్కి, వచ్చిన దారినే కాస్త వెనక్కి మళ్లించి పైకి తీయాలి. మూడంగుళాల గీతలో ఇన్ని పనులు. మొన మొదట్లో గీత లోపలే దాగుతుంది, చివర గీత లోపలికే తిరిగి వస్తుంది.

మరి నా మొదటి గీత ఎందుకు ఉబ్బింది? జాగ్రత్తగా రాయాలని నెమ్మదిగా రాశాను కాబట్టి. ఈ కాగితం సిరాను తాగుతుంది. కుంచె ఆగినా కాగితం తాగుతూనే ఉంటుంది. మామూలు రాతలో నిదానం ప్రధానమేమో గాని, ఇక్కడ అనవసరమైన నిదానం మరకగా మారుతుంది. ఆగవలసినచోట ఆగడం, సాగవలసినచోట సాగిపోవడం, ఇది సంగీతంలో లయలాంటిది. లయ తప్పితే శ్రుతి ఎంత బాగున్నా వినలేం కదా.

‘మూడు’ అనే అక్షరం చూడటానికి ఒకదాని కింద ఒకటి మూడు అడ్డగీతలే. కానీ మంచి నమూనాలో ఆ మూడూ ఒకేలా ఉండవు. పై గీత నడుమ కాస్త కిందికి కుంగి ఉంటుంది, మధ్యది పొట్టిగా తిన్నగా, అడుగుది అన్నిటికన్నా పొడవుగా నడుమ కాస్త పైకి లేచి ఉంటుంది. మూడూ కుడివైపు కొద్దిగా ఎక్కుతాయి. మోచేతిని ఇరుసుగా చేసుకుని కదిలే కుడిచేతికి అది సహజమైన వాలు. పైగా కుడి చివర నొక్కిన బరువు ఆ ఎక్కుడును సరితూస్తుంది. స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా గీస్తే గీత కుడివైపు కుంగినట్టు కనిపిస్తుంది.

నాలుగు నిధులు, వాటిలో ఏది ముందు?

కుంచె, సిరా, కాగితం, సాన. వీటిని ‘చదువుగదిలోని నాలుగు నిధులు’ అంటారు. జెజియాంగ్‌లోని హూజౌ కుంచెలకు, పాత హుయిజౌ సీమ సిరాకడ్డీలకు, అన్హుయి రాష్ట్రంలోని జింగ్ కౌంటీ షువాన్ కాగితానికి, గ్వాంగ్‌డోంగ్‌లోని జావోచింగ్ దగ్గర దొరికే దువాన్ రాయి సానకు పేరు. కొత్తవారు ఇక్కడే డబ్బు తగలేస్తారు, అదీ తిరగేసిన క్రమంలో. చెక్కడాలున్న సాన ముందు కొంటారు, కాగితం సంగతి చివర ఆలోచిస్తారు.

సాన గురించి తెలుగువారికి పెద్దగా చెప్పక్కర్లేదు. గంధపుచెక్కను నీటితో అరగదీసినట్టే సిరాకడ్డీని అరగదీస్తారు. ఆ కడ్డీ తయారయ్యేది కూడా మనకు తెలిసిన పనితోనే: నూనె దీపం మీద గిన్నె బోర్లించి పట్టిన మసి, మన కాటుక లాంటిదే, దానికి జంతువుల జిగురు కలిపి కడ్డీగా పోస్తారు. దేవదారు జాతి కట్టెలు కాల్చి తీసే మసితో చేసే రకం వేరు, దాని నలుపు మెరవదు. కడ్డీ నూరడం మనసుకు హాయే. అయితే మొదటి ఏడాది సీసా సిరా చాలు. చిక్కగా ఉంటే చిన్న పళ్లెంలో పోసుకుని రెండు చుక్కల నీళ్లు కలుపుకోండి.

కాగితం దగ్గర మాత్రం రాజీ పడకూడదు. నున్నటి ప్రింటరు కాగితం మీద సిరా పైపైనే నిలుస్తుంది. కుంచె ఏం చేసిందో అది దాచేస్తుంది. షువాన్ కాగితాన్ని చింగ్‌తాన్ చెట్టు బెరడు, వరిగడ్డి కలిపి చేస్తారు. ఆ తయారీ విద్య, చైనా కుంచెరాత రెండూ 2009లోనే యునెస్కో వారసత్వ జాబితాకు ఎక్కాయి. షువాన్‌లో ‘పచ్చి’ రకం సిరాను వేగంగా తాగుతుంది. పటిక నీళ్లు పట్టించిన ‘వండిన’ రకం తాగదు, అది సన్నని గీతల చిత్రాలకు, చిన్న అక్షరాలకు వాడతారు. పచ్చి షువాన్ మీద మొదటిరోజే రాయడం ఈత రాకుండా గోదాట్లో దిగడమే. వెదురు నారతో చేసే చవకైన పసుపు కాగితం, ‘మావోబియన్’, అభ్యాసానికి తగినది. అదీ దొరక్కపోతే పాత దినపత్రికలు. చైనాలోనూ ఎంతోమంది పాత పత్రికల మీదే చెయ్యి సాధించారు. కింద ఒక కంబళి ముక్క పరుచుకుంటే చాలు.

కుంచెల్లో మేకవెంట్రుకది మెత్తన. సిరా బాగా పడుతుంది, కానీ వంగితే తనంతట తాను లేవదు. ‘తోడేలు వెంట్రుక’ అని పిలిచేది నిజానికి తోడేలుది కాదు, వీజిల్ అనే చిన్న జంతువు తోకది. దానికి స్ప్రింగులా లేచే గుణం ఉంది. కొత్తవారికి రెండూ కలిపిన రకం మేలు. కొత్త కుంచె మొనకు జిగురు పట్టించి ఉంటుంది, గోరువెచ్చని నీటిలో నానబెట్టి విప్పాలి. రాత అయ్యాక సిరా పోయేదాకా కడిగి, మొన సర్ది, తలకిందులుగా వేలాడదీయాలి. సిరాలోని జిగురు వెంట్రుకల మొదట్లో ఎండిపోతే కుంచె పాత చీపురులా విచ్చుకుంటుంది.

పట్టుకునే తీరుపై పుస్తకాలు పేజీలకు పేజీలు రాశాయి. బొటనవేలు, చూపుడువేలు పట్టుకుంటాయి, మధ్యవేలు లోపలికి లాగుతుంది, ఉంగరపువేలు బయటికి నెడుతుంది, చిటికెనవేలు దానికి తోడుంటుంది. అరచేతిలో కోడిగుడ్డు పట్టేంత ఖాళీ ఉండాలంటారు. కుంచె నిటారుగా ఉంటేనే మొన అన్ని దిక్కులకూ సమానంగా తిరుగుతుంది, కారణం అంతే. సోంగ్ రాజవంశ కాలపు మహాకవి, గొప్ప లేఖకుడు సు షి (1037–1101) మాత్రం కుంచె పట్టడానికి స్థిరమైన పద్ధతంటూ లేదు, చెయ్యి వదులుగా, లోపల ఖాళీగా ఉంటే చాలన్నాడు. ఆయన మనం కలం పట్టుకున్నట్టే పట్టేవాడట. ఆ స్వేచ్ఛ మనకు కాస్త ఆలస్యంగా వచ్చినా నష్టం లేదు.

‘యోంగ్’ మోజు

కొత్తవారికి ఎవరైనా మొదట చెప్పేది ‘యోంగ్’ అనే అక్షరం గురించి. శాశ్వతం అని అర్థం. అక్షరాలకు ఆధారమైన ఎనిమిది గీతలూ అందులో ఉన్నాయని, అది వస్తే అన్నీ వచ్చినట్టేనని అంటారు. నిఘంటువులో ఇది ఐదు గీతల అక్షరం. ఎత్తకుండా రాసే మలుపులను విడగొట్టి లెక్కిస్తే ఎనిమిది అవుతాయి: చుక్క, అడ్డగీత, నిలువుగీత, కొక్కెం, ఎగదోపు, పొడవైన ఎడమవాలు, పొట్టి ఎడమవాలు, కుడివాలు.

ఈ అక్షరానికి ఇంత ప్రతిష్ఠ రావడం వెనక ఒక పెద్దపేరు నీడ ఉంది. క్రీ.శ. 353 వసంతంలో, నేటి షావోషింగ్ దగ్గరి లాన్‌టింగ్‌లో మహాలేఖకుడు వాంగ్ షిజి కొందరు మిత్రులతో కలిసి ఏటి ఒడ్డున కూర్చుని, ఆనాటి కవితలకు ఒక ముందుమాట రాశాడు. 324 అక్షరాల ఆ రచన కుంచెరాతలో శిఖరంగా నిలిచింది. దాని మొట్టమొదటి అక్షరం ‘యోంగ్’. అందులోనే ‘జి’ అనే చిన్న అక్షరం ఇరవైసార్లు వస్తుంది, ప్రతిసారీ వేరే రూపంలో. అసలు ప్రతి ఇప్పుడు లేదు. టాంగ్ చక్రవర్తి తాయ్‌జోంగ్ దాన్ని తన సమాధిలో పెట్టించుకున్నాడని కథ. మనం చూసేవన్నీ నకళ్లే.

గౌరవం అలా ఉంచితే, ‘యోంగ్’తో మొదలుపెట్టడం కొత్తవారిని హింసించడమే. దాని కుడివాలు అన్ని గీతల్లోకీ కష్టమైనది: సన్నగా మొదలై, దిగేకొద్దీ బరువెక్కి, పాదం దగ్గర ఆగి, అక్కడినుంచి కుడికి జరుగుతూనే కొద్దికొద్దిగా ఎత్తేయాలి. పోనీ అది వచ్చినా, గుండె అనే అక్షరంలోని పడుకున్న కొక్కెం లాంటివి ఆ ఎనిమిదిలో లేనే లేవు. ఒకటి, రెండు, మూడు, పది. ఇవి రెండు వారాలు రాయండి. పది అంటే ప్లస్ గుర్తులాంటిదే. అడ్డం, నిలువు ఎక్కడ ఖండించుకోవాలన్న ప్రశ్న ఒక్కటే చాలా నేర్పుతుంది.

ఏ లిపి, ఎవరి నమూనా?

ఐదు రకాల లిపులు వినిపిస్తాయి. గుండ్రని, సమానమైన గీతల జువాన్‌షూ క్రీ.పూ. 221లో చైనాను ఏకం చేసిన చిన్ రాజ్యపు అధికార లిపి. దాన్ని గుమస్తాల పనికి వీలుగా చదును చేసింది లీషూ, చిన్ తర్వాతి హాన్ రాజవంశ కాలంలో వర్ధిల్లింది. నేటి ముద్రిత అక్షరాలకు మూలమైన, విడివిడిగా నిలబడే లిపి కైషూ. కాస్త కలుపుతూ నడిచేది శింగ్‌షూ, పరుగెత్తేది త్సావోషూ. కైషూ నిలబడటం, శింగ్‌షూ నడవడం, త్సావోషూ పరుగెత్తడం అన్న పోలిక సు షిదే.

నేర్చుకునే క్రమానికి ఈ పోలిక బాగా సరిపోతుంది. చరిత్రకు సరిపోదు. పరుగులిపి కైషూను వేగంగా రాయడం వల్ల పుట్టలేదు. అది లీషూనుంచి వచ్చింది, కైషూ పక్వానికి రాకముందే ఉంది. అందుకే కైషూ తెలిసినవారికి కూడా త్సావోషూలో చాలా అక్షరాలు గుర్తుపట్టడం కుదరదు. అవి వేగపు రాతలు కావు, వేరే బతుకున్న రూపాలు. కైషూ వేగంగా రాస్తే పరుగులిపి వచ్చేస్తుందని ఆశపడేవారికి ఈ సంగతి ముందే తెలియడం మంచిది.

జువాన్‌షూతో మొదలుపెట్టాలని వాదించే గురువులూ ఉన్నారు. గీత మొదలూ చివరా హంగులుండవు, నడిమొన ఒక్కటే సాధించాలి. వాదనలో బలం ఉంది. అయినా అక్షరాలే కొత్త అయిన మనలాంటివారికి, ఏ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో విప్పి చూపేది కైషూనే. నా ఓటు దానికే.

కైషూకు పెద్ద పేర్లు టాంగ్ కాలానివి. ఓయాంగ్ షున్ (557–641) 632లో రాసిన జ్యూచెంగ్ రాజభవన శాసనం ఎత్తైన, బిగుతైన అక్షరాలది. వెంట్రుకవాసి తప్పినా అక్షరం ఒరిగిపోతుంది. యాన్ జెన్‌చింగ్ (709–785) అక్షరాలు విశాలంగా, లావాటి నిలువుగీతలతో, భుజబలంతో ఉంటాయి. ల్యూ గోంగ్‌చువాన్ (778–865) ఈ రెంటి మధ్యన. ‘యాన్ నరాలు, ల్యూ ఎముకలు’ అని నానుడి. యాన్ అక్షరాల్లో చోటు ఎక్కువ కాబట్టి కొత్తవారి తప్పులను కాస్త ఓర్చుకుంటాయి. ఆయన 43 ఏళ్ల వయసులో, 752లో, రాసిన దువోబావ్ గోపుర శాసనంతో ఎక్కువమంది మొదలుపెడతారు. ఎవరిని ఎంచుకున్నా ఏడాదిపాటు మారకుండా ఉండటం ముఖ్యం. నెలకో గురువును మార్చేవారికి చివరికి తమ పాత అలవాట్లే మిగులుతాయి.

రాయిని దిద్దుతున్నాం, కుంచెను కాదు

ఈ విద్యలో ఏళ్ల తరబడి సాగేది నకలు రాయడమే. ఎర్రసిరా అక్షరాల మీద రాయడం మొదటి మెట్టు. పలక మీద అమ్మానాన్నలు రాసిచ్చిన అక్షరాలను దిద్దడం లాంటిదే అది. పలచని కాగితం పైన పరచి రాయడం రెండోది. పక్కన పెట్టుకుని చూసి రాయడం మూడోది. ఇందుకు గళ్ల కాగితం వాడతారు. గడికి నడుమ అడ్డం, నిలువు, ఐమూల గీతలుంటాయి కాబట్టి ఏ గీత ఎక్కడ పడిందో కొలుచుకోవచ్చు. మొదట్లో ఏడు నుంచి పది సెంటీమీటర్ల గడి బాగుంటుంది. చిన్నగా రాస్తే తప్పులు కనిపించవు, అంతకుమించి వేళ్లే పనిచేస్తాయి, చెయ్యి కదలదు.

ఇక్కడ కొత్తవారికి ఎవరూ చెప్పని చిక్కు ఒకటుంది. ఈ టాంగ్ నమూనాలన్నీ రాతి శాసనాలు. లేఖకుడు కుంచెతో రాశాడు, శిల్పి ఉలితో చెక్కాడు, వందల ఏళ్లు రాయి అరిగింది, దాని మీద కాగితం అద్ది నలుపు పట్టించి ప్రతి తీశారు. నలుపు మీద తెల్లగా మన పుస్తకంలో కనిపించేది ఆ ప్రతి. సోంగ్ కాలపు లేఖకుడు మి ఫు (1051–1107) ఈ మాటే కుండబద్దలు కొట్టాడు: రాతి చెక్కడాన్ని చూసి నేర్చుకోలేం, సొంతంగా రాసి మరొకరితో చెక్కిస్తేనే అది మన రాత కాకుండా పోతుంది, సిరా ప్రతినే చూడాలి. కుంచె ఎన్నడూ చేయలేని ఉలి అంచులను తేవాలని కొందరు తంటాలుపడేది ఈ సంగతి తెలియకే. యాన్ 779లో తన ముత్తాత కోసం రాసిన శాసనం చాలాకాలం మట్టిలో ఉండి 1922లో షీఆన్‌లో బయటపడింది. అందువల్ల అరుగుదల తక్కువ, గీతలు స్పష్టం. రాతి నమూనాల్లో దాన్ని మెచ్చుకునేది అందుకే. దానితోపాటు సిరా ప్రతుల ఫొటోలు కూడా చూస్తుండాలి. జి యోంగ్ అనే బౌద్ధభిక్షువు ఒక్కో అక్షరాన్నీ కైషూలో, త్సావోషూలో పక్కపక్కనే రాసిన వెయ్యి అక్షరాల ప్రతి జపాన్‌లో సిరాలోనే ఉంది. మొన ఎక్కడ దిగిందో అందులో కంటికి కనిపిస్తుంది.

భాష రావాలా అంటే, మొదలుపెట్టడానికి అక్కర్లేదు. గీతల వరుస మాత్రం తప్పక తెలియాలి: పైనుంచి కిందికి, ఎడమనుంచి కుడికి, అడ్డం తర్వాత నిలువు. వరుస తప్పితే ఒక గీతనుంచి మరో గీతకు గాలిలో నడిచే కుంచె దారి తప్పుతుంది. ఇప్పటికే చైనా భాష నేర్చుకుంటున్నవారికి వేరే తికమక. ప్రధాన భూభాగంలో 1956 నుంచి అక్షరాలను సరళం చేశారు, నమూనాలన్నీ పాత రూపాల్లో ఉంటాయి. పాఠంలో మూడు గీతల ‘తలుపు’ నమూనాలో ఎనిమిది గీతలవుతుంది. తమాషా ఏమిటంటే, సరళరూపాల్లో చాలావాటిని పాత పరుగులిపినుంచే తెచ్చారు. ‘షూఫా’లోని ‘షూ’ కూడా అలా వచ్చిందే.

కైషూ చాలాకాలం దిద్దాక చేతికొచ్చే జబ్బు ఒకటుంది: అన్నీ పొందికగా, ప్రాణం లేకుండా రావడం. అప్పుడు తైపేలోని జాతీయ రాజభవన మ్యూజియంలో ఉన్న ఒక కాగితం ఫొటోను చూడాలి. ఆ శాసనాల యాన్ జెన్‌చింగే 758లో రాసిన చిత్తుప్రతి అది. టాంగ్ రాజ్యం మీద సేనాని ఆన్ లుషాన్ లేవదీసిన తిరుగుబాటులో, ఆయనకు వరుసకు అన్న అయ్యే వ్యక్తి కొడుకు జిమింగ్ చనిపోయాడు, రెండేళ్ల తర్వాత దొరికింది తల మాత్రమే. ఆ పిల్లవాడికి నివాళి రాయడానికి కూర్చున్నాడు. మొదటి వరుసలు కుదురుగా ఉన్నాయి. తర్వాత కొట్టివేతలు, పక్కన చేర్పులు, గీతల మీద గీతలు. సిరా నిండుగా మొదలై, ఎండుతూ పోయి, వెంట్రుకల చారలు తేలి, ఉన్నట్టుండి మళ్లీ నల్లగా చిక్కబడుతుంది. కొన్ని నెలలు కుంచె పట్టినవారు ఆయన ఎక్కడ సిరాలో ముంచాడో, ఎక్కడ ముంచడం మరిచి ఎండిన మొనతోనే రాస్తూ పోయాడో వేలుపెట్టి చూపగలరు.